చీటీ వెనకపక్క

టెలిఫోన్ ఎక్స్చేంజిల ముప్పై మూడేండ్లు
తీగెకు తీగె కలిపిన చేతులు ఇవి.
రిటైరైనంక ఊకె కూసోలేక
సచ్చినోళ్లకు లైను కలుపుతున్న.

సేత్వార్ నకలుకు పదకొండు సోమారాలు తిరిగిన.
గుమాస్తా మంచోడే,
బీరువ తాళమే మంచిది కాదు.
మంగళారం ఇచ్చిండు.
ఫసలీ పదమూడు వందల ముప్పై ఎనిమిది.

మండిబజార్ల గౌసుద్దీన్ సాబు
అద్దాలు ముక్కు మీదికి దించి, చాయ్ చల్లారనిచ్చి
కుడి నుంచి ఎడమకు వేలు జరిపిండు:
"అడిగొప్పుల నర్సింలు, వల్ద్ రాజమల్లు.
రెండు మగ్గాలు, ఒక ఇల్లు, బావి లేదు."
"ఆయన పెండ్లాం?"
వేలు ఆగింది.
"జౌజె అని ఉందమ్మా. అంటే భార్య.
తర్వాత సిరా లేదు. పురుగు కూడా తినలే.
ఉత్త కాయితం."

రాసేటోడు అడగకపోవచ్చు.
అడిగితే మా ముత్తాత సిగ్గుపడి ఉండొచ్చు.
ఆ సిగ్గు మా నాయిన దాక నడిచింది;
మా అవ్వను ఆయన బతికినన్నొద్దులు
"ఇగో" అనే పిలిచిండు.

కూనపులి శంకరయ్య పటం విప్పినప్పుడూ ఇంతే.
భావనారుషి కాన్నుంచి మా తాత దాక
మూరలకు మూరలు మొగోళ్లే.
"మరి కండెలు చుట్టింది ఎవలు, శంకరన్నా?"
నవ్వి, హార్మోనియం మూసిండు.

బుధారం మోకాలు నొప్పి. యాడికీ పోలే.
రేడియో పెట్టుకొని బొంత కుట్టిన.
ఎర్ర ముక్క పక్కన ఎర్ర ముక్కే పడ్డది,
విప్పుడు ఎవ్వలతోని అయితది, అట్లనే ఉంచిన.

బేస్తారం ఎం.జి.ఎం. దవాఖాన,
చదువురానోళ్లకు ఓపీ చీట్లు రాసిచ్చుడు.
పేరు. వయసు. తండ్రి లేదా భర్త పేరు.
గడులు అంతే.
ఏటూరునాగారం కాన్నుంచి రాత్రి బస్సుకు వచ్చిన బుచ్చమ్మ
పెనిమిటి పేరు చెప్పనీకి మొఖం అటు తిప్పి
మనుమరాలి చెవుల చెప్పింది.
పొల్ల నాకు చెప్పింది. రాసిన.
చీటీ తిప్పి అడిగిన, "మీ అవ్వ పేరేంది?"
"ఎందుకు బిడ్డా, ఆమె పోయి నలభై ఏండ్లు."
"ఊకెనే."
వెనక లైన్ల ఉన్నోళ్లు తిట్టబట్టిండ్రు.
ఆమె పెదవులు రెండుమార్లు కదిలినయి,
ఎన్నడో కట్టిన మూట ముడి
పండ్లతోని విప్పినట్టు.
"పోలక్క" అన్నది.
"పోలక్కనే. పొగరుబోతు బర్రె పాలు
పోలక్కే పిండాలె అనేటోళ్లు."
చీటీ వెనకపక్క రాసిన, బర్రె సంగతితో సహా.
డాక్టరు చూడడు. ఎవలో చించి పారేస్తరు.
అందుకే నా ఖాతా బుక్కుల గూడ ఎక్కించిన.

శుక్రారం ఏం చేసిన్నో యాదికి లేదు.

శనారం పోచమ్మమైదాన్ పాత ఇత్తడి దుకాణం.
కొలిమికి పోయే గంగాళాలు, చెంబులు,
అంచుల మీద చుక్కచుక్కగ కొట్టిన పేర్లు.
పల్చటి కాయితం పెట్టి పెన్సిలు రుద్దితే
పేరు పైకి తేలుతది, నీళ్లల్ల చేప వీపు లెక్క.
ఇప్పటికి మూడు వందల పన్నెండు.
"ఈ అక్క తూకం అడగదు, పేరడుగుతది" అని
దుకాణమాయన వచ్చినోళ్లందరికి చెప్తడు.

ఈ శనారం ఒక చెంబు.
అడిగొప్పుల వారి కోడలు, ఇంతదాక సాఫుగ ఉంది.
ఆ తర్వాత సొట్ట.
సొట్టల నాలుగు చుక్కలు, ఒక కొమ్ము.
"ను" కావొచ్చు. "రు" కావొచ్చు.
నాలుగు వందల అరవై ఇచ్చి తెచ్చుకున్న.

ఐతారం చింతపండు పెట్టి తోమిన.
కంచరాయన లోపటికెల్లి కొడితే సొట్ట పోతది,
చుక్కలూ పోతయి. వద్దన్న.
కొత్తవాడల అడిగొప్పులోళ్లవి నలభై గడపలు,
ఏ గడప కోడలో.
రుజువు లేంది సిరాతో రాయొద్దని నా నేమం.
పెన్సిలుతోని గూడ రాయలే.
నర్సింలు పక్కన గడి తెల్లగనే ఉంది.

రాత్రి దూపైతే లేచి
ఆ చెంబు ఎత్తి తాగిన.
సొట్ట నా బొటనవేలికి
సరిగ్గ పట్టింది.